అంబులెన్సు ఎక్కించకుండా పారామెడిక్ డిగ్రీ ఇవ్వకండి

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, ఆరోగ్య విశ్వవిద్యాలయ పెద్దలకు, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ కోర్సు నడుపుతున్న కళాశాలల యాజమాన్యాలకు, క్యాజువాల్టీలలో పనిచేస్తున్న సీనియర్ వైద్యులకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

మేము హైదరాబాద్‌లో బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ, అంటే అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే పారామెడిక్‌లను తయారుచేసే కోర్సు, చదువుతున్న విద్యార్థులం. మూడేళ్ల చదువు ముగించి ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లం కొందరం, ఇంకా తరగతుల్లో ఉన్నవాళ్లం కొందరం. అందరి తరఫున ఈ లేఖ నేను రాస్తున్నాను. ఇందులోని సంగతులన్నీ గత విద్యాసంవత్సరంలోనే వినతిపత్రంగా రాసి మా ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాం. పై నుంచి ఉత్తర్వులు లేనిదే తాను చేయగలిగింది లేదన్నారు. పై కార్యాలయానికి వెళ్లి, వినతిపత్రం ప్రతిపై అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని వచ్చాం. మీ కళాశాలతోనే మాట్లాడుకోండి అని నోటిమాటగా చెప్పి పంపారు. ఆ తర్వాత రాతపూర్వకంగా ఒక్క ముక్క రాలేదు. రెండు చోట్లకూ కాళ్లరిగేలా తిరిగాక, ఈ సంగతి ప్రజలకే నేరుగా చెప్పాలని నిర్ణయించుకున్నాం. ఇంట్లో మనిషి కుప్పకూలినప్పుడు ముందుగా గడప తొక్కేవాళ్లకు పని వచ్చునో రాదో తెలుసుకునే హక్కు ప్రజలకు ఉంది.

మేము అడుగుతున్నది ఇది: అంబులెన్సులో శిక్షణ మా డిగ్రీలో తప్పనిసరి కావాలి. ప్రస్తుతం మా కళాశాలలో అది లేదు. నాలుగేళ్లూ గడిపి పట్టా పుచ్చుకునే విద్యార్థి, సైరన్ మోగుతున్న బండిలో రోగి పక్కన ఒక్కసారైనా కూర్చోకుండానే బయటికి రావచ్చు. మాకన్నా ముందు చదివినవాళ్లలో చాలామంది అలాగే వచ్చారు.

ఈ మాట హైదరాబాద్‌లో అడగవలసి రావడం మరీ బాధ. 108 సేవ మొదలైందే ఇక్కడ, 2005 ఆగస్టు 15న. అప్పట్లో ఈ పని నేర్చుకుని సిద్ధంగా ఉన్న మనుషులు లేరు. లైఫ్ సైన్సెస్, నర్సింగ్, ఫార్మసీ చదివినవారిని తీసుకుని, కొన్ని వారాల శిక్షణ ఇచ్చి బండ్లు ఎక్కించారు. వాళ్లు రోడ్డు పక్కన కట్లు కట్టారు, కదిలే బండిలో కాన్పులు చేశారు, లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టారు. వారంటే మాకు ఎంతో గౌరవం. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యుల తోడ్పాటుతో పారామెడిక్‌లకు రెండేళ్ల కోర్సు కూడా ఈ నగరంలోనే ప్రారంభమైంది. 2009లో నాటి భారత వైద్య మండలి అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించింది. 2021 మార్చిలో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఆ చట్టం షెడ్యూలులో మా వృత్తి పేరు ఉంది. ఇన్ని జరిగినా చదువు ఒకచోట, బండి ఒకచోట ఉండిపోయాయి. దానివల్ల ఏం జరుగుతోందో, ఎవరికి నష్టమో ఒక్కొక్కటిగా చెబుతాం.

1. క్యాజువాల్టీ పోస్టింగ్ పేరుతో మా చేత చేయిస్తున్న పని చాలావరకు వేరు. రక్త నమూనాలు ల్యాబ్‌కు చేర్చడం, రోగిని సీటీ స్కాన్ గదికి తోసుకెళ్లడం, ఎక్స్‌రే ఫిల్ము తేవడం, రిజిస్టరు నింపడం. సిబ్బంది చాలని ఆసుపత్రిలో ఆ పనులు ఎవరో ఒకరు చేయాలి. చేస్తున్నాం, చిన్నతనం అనుకోవడం లేదు. కానీ వాటినే లాగ్ బుక్‌లో శిక్షణ గంటలుగా రాసి సంతకాలు పెడుతున్నారు.

అర్ధరాత్రి దాటాక బండి వచ్చి వాకిట్లో ఆగుతుంది. లోపలి నుంచి ఈఎంటీ (బండిలో రోగిని చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) స్ట్రెచర్‌తో పాటు నడుస్తూనే చెబుతుంటాడు: మగ మనిషి, వయసు యాభై పైన, గంట నుంచి ఛాతీలో నొప్పి, చెమటలు, షుగరు ఉంది, దారిలో ఆస్పిరిన్ ఇచ్చాను. వీధిలో చేసిన వైద్యం ఆసుపత్రి చేతిలోకి మారేది ఆ నిమిషంలోనే. ఏం వినాలి, ఏం అడగాలి, ఏది ముందు రాయాలి అన్నది నేర్చుకోవలసింది అప్పుడే. సరిగ్గా ఆ సమయానికి మా చేతుల్లో నమూనాల ట్రే ఉంటుంది, మేము ల్యాబ్ వరండాలో ఉంటాం.

ఆ నిమిషంలో ఒక్క మాట జారిపోయినా దెబ్బ రోగికే. పక్షవాతం వచ్చినవారికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పొద్దున లేచేసరికి మూతి వంకరపోయిందని ఇంట్లోవాళ్లు చెబుతారు. అది సరిపోదు. ఆ మనిషి చివరిసారి మామూలుగా మాట్లాడింది ఎప్పుడు, రాత్రి పడుకునే ముందా, తెల్లవారుజామున మంచినీళ్లకు లేచినప్పుడా? భయపడి ఏడుస్తున్న భార్య నుంచి ఆ గంట ఎంతో రాబట్టాలి. అడగడం తెలియని మనిషి బండిలో ఉంటే ఆ సంగతి ఇంటి దగ్గరే ఉండిపోతుంది, చెయ్యి కాలు పడిపోయిన మనిషి మంచానికే పరిమితం కావలసి వస్తుంది.

2. మా స్కిల్ ల్యాబ్‌లో సీపీఆర్ (గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం) నేర్చుకోవడానికి బ్యాచ్ అంతటికీ ఒకే బొమ్మ. ఛాతీ తగినంత లోతుకు దిగితే అది టక్కుమని చప్పుడు చేయాలి. ఆ చప్పుడు చేసే స్ప్రింగు మేము చేరకముందే పాడైంది. కొత్తది కావాలని ప్రతి బ్యాచ్ అడుగుతోంది. పెద్దవారి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని, కనీసం 5 సెంటీమీటర్లు దిగాలని, 6 దాటకూడదని, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలని పరీక్షలో తడబడకుండా రాస్తాం. మేము నొక్కింది 3 సెంటీమీటర్లో 5 సెంటీమీటర్లో చెప్పేవాళ్లు లేరు. ఊపిరి అందించేందుకు చేత్తో పిసికే అంబూ బ్యాగు సంగతీ అంతే. కంగారులో గబగబా పిసికితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. ఆ నిదానం చేతికి రావాలంటే, పక్కన అనుభవం ఉన్న మనిషి నిలబడి నెమ్మది, నెమ్మది అని చెప్పాలి.

నేల మీద బొమ్మను నొక్కడం వేరు, చాదర్‌ఘాట్ మలుపులో ఊగుతున్న బండిలో నిలదొక్కుకుని మనిషి ఛాతీ నొక్కడం వేరు. గుండె ఆగాక నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ నాలుగైదు నిమిషాల్లో నేర్చుకుంటూ చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

3. అబ్బాయిలను కాన్పు గదిలోకి రానివ్వరు. అమ్మాయిలను అంబులెన్సు ఎక్కనివ్వరు. ఈ రెండు వాక్యాలూ చదివి ఒక్క క్షణం ఆలోచించండి.

కాన్పు గదిలో ఇప్పటికే నర్సింగ్ విద్యార్థినులు, పీజీ వైద్యులు నిండి ఉంటారు. మా తరగతిలోని అబ్బాయిలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. కాన్పుకు వచ్చినవాళ్లు ఇబ్బంది పడతారు, మీకెందుకు అని సిబ్బంది పంపేస్తారు. అదే అబ్బాయి రేపు ఉద్యోగంలో చేరితే, అర్ధరాత్రి ఏ తండాకో వెళ్లి నొప్పులు పడుతున్న తల్లిని బండిలో ఎక్కించుకోవాలి. దారిలోనే బిడ్డ తల కనిపిస్తుంది. పుట్టిన బిడ్డను వెంటనే తుడిచి తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాలని, కాన్పయ్యాక తల్లికి రక్తం ఆగకపోతే పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడేదాకా మర్దన చేయాలని అతను పుస్తకంలో చదివి ఉంటాడు. చేత్తో తాకి గట్టిపడిన గర్భసంచి ఎలా ఉంటుందో అతనికి ఎవరూ చూపలేదు. కాన్పు తర్వాతి రక్తస్రావం మన దేశంలో తల్లుల మరణాలకు ముఖ్య కారణాల్లో ఒకటి. తల్లి అనుమతి తీసుకుని, పక్కన సిస్టరు ఉండగా, కొన్ని కాన్పులైనా చూడనివ్వకపోతే ఈ లోటు తీరే దారి లేదు.

ఇక మా అమ్మాయిల సంగతి. నేను మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటున్నాను. బండిలో శిక్షణ కావాలని అడిగితే, ఆడపిల్లలు, రాత్రిపూట ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది అన్నారు. మా మీద శ్రద్ధతో అన్న మాటే కావచ్చు. ఆ శ్రద్ధ ఉంటే అంబులెన్సు ఆగే చోట మరుగుదొడ్డి, తలుపు గడియ పడే విశ్రాంతి గది, డ్యూటీ అయ్యాక హాస్టల్‌కు చేర్చే వాహనం ఏర్పాటు చేయండి. బండి ఎక్కనివ్వకపోతే మా భద్రత సంగతి అటుంచి, మాకు ఉద్యోగమే ఉండదు. కాలిన గాయాలతో ఉన్న ఆడమనిషి, భర్త చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలు బండిలోకి వచ్చినప్పుడు ఆమెతో మాట్లాడేందుకు ఇంకో ఆడమనిషి ఉంటే ఎంత తేడా ఉంటుందో 108లో పనిచేసేవారిని అడగండి, చెబుతారు.

4. హైదరాబాద్ ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాటు, లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. గుండెపోటు వచ్చిన మనిషిని మెట్ల మీద నడిపించకూడదు. కుర్చీలో కూర్చోబెట్టి దించాలి. మలుపు దగ్గర తల వైపు ఎవరు, కాళ్ల వైపు ఎవరు, ఆక్సిజన్ సిలిండరు ఎవరి భుజాన అన్నది మెట్లు దిగకముందే తేల్చుకోవాలి. పాతబస్తీలో చాలాచోట్ల బండి గల్లీ మొదట్లోనే ఆగిపోతుంది. సామాను మోసుకుంటూ లోపలికి పరుగెత్తాలి, ఏది వెంట తీసుకెళ్లాలో, ఏది బండిలో వదలాలో ముందే తెలియాలి, మళ్లీ వెనక్కి వచ్చే సమయం ఉండదు. వాన పడి మలక్‌పేట రైల్వే వంతెన కింద నీళ్లు నిలిచిన సాయంత్రం ఉస్మానియా ఆసుపత్రికి ఏ దారిన పోవాలో పైలట్‌కు (అంబులెన్సు డ్రైవరుకు) తెలుసు. కానీ ఉస్మానియాకా, నిమ్స్‌కా, గాంధీకా అన్నది రోగి స్థితిని చూసి ఈఎంటీ చెప్పాలి. దగ్గరి ఆసుపత్రికి చేర్చి చేతులు దులుపుకుంటే, అక్కడ న్యూరో సర్జన్ లేక మళ్లీ ఇంకోచోటికి పంపుతారు. తలకు దెబ్బ తగిలిన మనిషికి ఆ రెండో ప్రయాణమే ప్రాణాంతకం అవుతుంది.

ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. అక్కడో, దాని పక్కన ద్విచక్ర వాహనాలు తిరిగే సర్వీసు రోడ్డులోనో ప్రమాదం జరిగితే అంబులెన్సు చేరేసరికి జనం మూగి ఉంటారు. మంచి మనసుతోనే ఒకరు నీళ్లు తాగిస్తుంటారు, ఒకరు హెల్మెట్ లాగుతుంటారు. హెల్మెట్ తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు మెడ కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు మెల్లగా సడలించి తీయాలి. మెడ ఎముక విరిగిన మనిషికి ఒక్క కుదుపు చాలు, జీవితాంతం కాళ్లు చేతులు ఆడవు. ఆ గుంపును నొప్పించకుండా పక్కకు తప్పించడం కూడా వైద్యంలో భాగమే. దాన్ని పవర్‌పాయింట్‌లో నేర్పలేరు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే ప్రకటించింది. గాయపడిన తర్వాతి తొలి గంట ఎంత విలువైనదో 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో గోల్డెన్ అవర్ పేరుతో నిర్వచించి మరీ రాశారు. ఆ గంటలో మొదటి సగం గడిచేది ఆసుపత్రిలో కాదు, రోడ్డు మీద, బండిలో.

5. జిల్లాల నుంచి నగరానికి పురుగుల మందు తాగినవారిని తెస్తారు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించాలని ఇంట్లోవాళ్లు పట్టుబడతారు. స్పృహ తగ్గిన మనిషికి అలా చేస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు పడిన బట్టలు తీసి ఒళ్లు కడగాలి, నోటి నురగను సక్షన్ (పీల్చే యంత్రం) పెట్టి లాగాలి, మన చేతులకు గ్లవ్స్ ఉండాలి. కంట్రోల్ రూము వైద్యుడికి ఫోను చేసి ఈ వివరాలు అర నిమిషంలో చెప్పి సలహా తీసుకోవాలి. ఆ ఫోను ఎలా మాట్లాడాలో మాకు ఎవరూ నేర్పలేదు. చదువులో ఆ అంశమే లేదు.

6. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌస్ అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 30న పాశమైలారం ఫార్మా కర్మాగారంలో పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలిగొంది. ఇలాంటి చోట ముందుగా చేరినవాళ్లు ఒక్కరి దగ్గరే కూర్చుండిపోకూడదు. గట్టిగా అరుస్తున్నవారి కంటే చప్పుడు లేకుండా పడి ఉన్నవారికే ప్రమాదం ఎక్కువ కావచ్చు. ఎవరికి ఎర్ర ట్యాగు (వెంటనే చికిత్స కావాలి), ఎవరికి పసుపు (కొంత ఆగవచ్చు), ఎవరికి ఆకుపచ్చ (స్వల్ప గాయాలు), ఎవరికి నలుపు (బతికే ఆశ లేదు) అని ఒక్కొక్కరి దగ్గరా అర నిమిషం మించకుండా తేల్చాలి. శ్వాసమార్గం సరిచేసినా ఊపిరి తీసుకోని మనిషికి నల్ల ట్యాగు కట్టి పక్క మనిషి దగ్గరకు వెళ్లడం ఎంత బరువైన పనో ఊహించండి. రంగుల అర్థాలు మాకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చాయి. ఒక్క మాక్ డ్రిల్ కూడా జరగలేదు. పారిశ్రామిక వాడలు చుట్టూ ఉన్న నగరంలో ఇది ఎంతమాత్రం సరికాదు.

7. ఇంత చదివి బయటికి వస్తే, ఈఎంటీ ఉద్యోగ ప్రకటనల్లో మా డిగ్రీకి ప్రత్యేక స్థానం ఉండటం లేదు. నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివినవారితో పాటు మేమూ ఒక వరుస. అప్పుడు నాలుగేళ్లు దీనికే వెచ్చించడంలో అర్థం ఏమిటని తల్లిదండ్రులు అడిగితే జవాబు లేదు. మాకన్నా పెద్దవాళ్లలో కొందరు ప్రైవేటు ఆసుపత్రుల్లో బిల్లింగ్ కౌంటర్లకు, కొందరు గల్ఫ్‌కు వెళ్లిపోయారు. నీట్‌లో ర్యాంకు రాకపోతే చేరే కోర్సు ఇది అని చులకనగా మాట్లాడేవాళ్లున్నారు. కొందరికి ర్యాంకు రాని మాట నిజమే. కొందరం మాత్రం ఈ పనే చేయాలని కోరి వచ్చాం. ఎలా వచ్చినా, ప్రజల సొమ్ముతో ఫీజు రీయింబర్స్‌మెంట్ పొంది నేర్చుకున్న చదువు ప్రజలకు అక్కరకు రాకుండా పోతోంది.

రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఆ భారం కూడా మా మీదే పడుతోంది. బకాయి కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వబోమంటున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. ఇంటర్న్‌షిప్‌లో మాకు స్టైపెండ్ లేదు. హాస్టల్ అద్దె, బస్సు చార్జీలు ఇంటి నుంచే రావాలి. మా తరగతిలో కూలి పనులకు వెళ్లే తల్లుల పిల్లలున్నారు. రాత్రి క్యాజువాల్టీ డ్యూటీ చేసి, పగలు పార్ట్‌టైం పనికి వెళ్లేవాళ్లున్నారు. నిద్ర లేని కళ్లతో రోగి చేతికి కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం) గుచ్చేవాడి చేయి వణికితే ఆ నొప్పి రోగికే.

మీ నుంచి రాగల అభ్యంతరాలు మాకు తెలుసు. బండిలో చోటు లేదంటారు. అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ బండిలో (ప్రాణాపాయంలో ఉన్నవారికి వాడే అంబులెన్సులో) సహాయకుడి సీటు ఉంటుంది, ఒక్క విద్యార్థి చాలు, గుంపుగా పంపమని అడగడం లేదు. రోగి బంధువులు ఒప్పుకోరంటారు. బోధనాసుపత్రుల్లో ఎంబీబీఎస్ విద్యార్థులు రోగులను చూస్తూనే నేర్చుకుంటున్నారు, జనం కాదనడం లేదు. మెడలో గుర్తింపు కార్డు, పక్కన బాధ్యత వహించే ఈఎంటీ ఉంటే మమ్మల్నీ కాదనరు. ప్రమాదం జరిగితే ఎవరు చూసుకుంటారన్నది సరైన ప్రశ్న. అందుకే బృంద బీమా అడుగుతున్నాం. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి పారామెడిక్‌గా నమోదుకు అర్హత ఇచ్చే కోర్సు డిగ్రీ స్థాయిలో ఉండాలని నియమం పెట్టారు. అక్కడి విద్యార్థులు చదువులో పెద్ద భాగాన్ని అంబులెన్సుల్లోనే గడుపుతారు. వాళ్లకు కుదిరిన ఏర్పాటు, 108కు పుట్టినిల్లయిన నగరానికి కుదరదా?

క్యాజువాల్టీ వైద్యులకు ఒక విన్నపం. మీరు ఎంత ఒత్తిడిలో ఉంటారో పక్కనే ఉండి చూస్తున్నాం. పనిలో ఉండగా పాఠం చెప్పమని అడగడం లేదు. బండి వచ్చినప్పుడు మమ్మల్ని ల్యాబ్‌కు పంపకుండా పక్కన నిలబడనివ్వండి. రద్దీ తగ్గాక, ఇందాకటి కేసులో నువ్వైతే ముందు ఏం చేసేవాడివి అని ఒక్క ప్రశ్న అడగండి. మాలో కొందరికి అలా అడిగిన డాక్టరమ్మ ఒకరు దొరికారు. ఆవిడ ఒక రాత్రి నేర్పింది మాకు ఒక సెమిస్టరంతా గుర్తుంది.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. రెండో సంవత్సరం నుంచి అంబులెన్సులో పరిశీలకులుగా, ఇంటర్న్‌షిప్‌లో కనీసం మూడు నెలలు పూర్తి డ్యూటీలో, రాత్రి వేళలతో కలిపి, శిక్షణ తప్పనిసరి చేయండి. అది పూర్తి కానిదే పట్టా ఇవ్వకండి. మేమే అడుగుతున్నాం, మాకే ఇవ్వకండి. ఇందుకోసం ప్రభుత్వం, విశ్వవిద్యాలయం, అంబులెన్సు నిర్వాహక సంస్థ మధ్య లిఖిత ఒప్పందం జరగాలి. విద్యార్థికి బీమా, అవసరమైన టీకాలు, రక్షణ సామగ్రి అందులో భాగం కావాలి.

రెండు. లాగ్ బుక్‌లో గంటలకు బదులు పనులు రాయండి. ఇన్ని ఈసీజీలు, ఇన్ని కాన్యులాలు, ఇన్ని కాన్పులు, రోగిని ఆసుపత్రికి అప్పగించినవి ఇన్ని అని. కళ్లతో చూసినవారే సంతకం పెట్టాలి.

మూడు. తల్లి అనుమతితో, మహిళా సిబ్బంది సమక్షంలో అబ్బాయిలకు కాన్పు గది పోస్టింగ్. విశ్రాంతి గది, మరుగుదొడ్డి, రవాణా ఏర్పాట్లతో అమ్మాయిలకు అంబులెన్సు పోస్టింగ్. రెండూ ఒకే ఉత్తర్వులో రావాలి.

నాలుగు. స్కిల్ ల్యాబ్‌లను ముందు చెప్పకుండా తనిఖీ చేయండి. ఏ కళాశాలలో పనిచేసే బొమ్మలు ఎన్ని, డీఫిబ్రిలేటర్లు (గుండెకు విద్యుత్ షాకు ఇచ్చే యంత్రాలు) ఎన్ని, వాటికి విద్యార్థులు ఎందరు అన్నది అడ్మిషన్ల కంటే ముందే ప్రకటించండి. తల్లిదండ్రులు చూసుకుని చేర్పించుకుంటారు.

ఐదు. ఈఎంటీ నియామకాల్లో ఈ డిగ్రీకి ప్రథమ ప్రాధాన్యం ఇవ్వండి. ఇప్పటికే బండ్లలో పనిచేస్తున్నవారి పొట్ట కొట్టే ఉద్దేశం మాకు ఏ కోశానా లేదు. వారి సర్వీసును లెక్కలోకి తీసుకుని, జీతం కోత లేకుండా ఈ డిగ్రీ పూర్తి చేసుకునే అవకాశం ఇవ్వండి. మాకు నేర్పగలిగింది వాళ్లే. నేర్పినందుకు వారికి అదనపు భత్యం ఇవ్వాలి.

ఆరు. 2021 చట్టం అమలును రెండు నెలల్లో పూర్తి చేయాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని, రాష్ట్రాలను ఆదేశించింది. ఆ చట్టం ప్రకారం రాష్ట్ర రిజిస్టరులో మా వృత్తి నమోదు ఏ తేదీ నుంచి, ఏ అర్హతతో జరుగుతుందో బహిరంగంగా ప్రకటించండి. వైద్యుడి ఫోను సలహాతో పారామెడిక్ ఏ మందులు ఇవ్వవచ్చు, ఏ చికిత్సలు చేయవచ్చు అన్న జాబితా కూడా దానితో పాటే కావాలి. జాబితా లేకపోతే భయపడేవాడు ఏమీ చేయడు, దుడుకువాడు అన్నీ చేస్తాడు. ఇద్దరి వల్లా నష్టపోయేది రోగి.

ఏడు. ఇంటర్న్‌షిప్‌కు స్టైపెండ్, చదువు పూర్తయిన వెంటనే సర్టిఫికెట్లు.

వచ్చే విద్యాసంవత్సరం పోస్టింగ్‌ల పట్టిక తయారయ్యేలోగా ఈ ఏడింటిలో ఏది ఎప్పుడు చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. నోటిమాట హామీలు ఇక తీసుకోలేం. మాట్లాడటానికి పిలిస్తే ఏ రోజైనా వస్తాం, మాతో పాటు మా లాగ్ బుక్‌లు తెస్తాం, ఏ పేజీలో ఏం రాసి ఉందో మీరే చూడవచ్చు. జవాబు రాకపోతే ఇదే లేఖను సంతకాలతో శాసనసభ్యులందరికీ పంపుతాం, మా తల్లిదండ్రులతో కలిసి అనుమతి తీసుకుని ఇందిరా పార్కు దగ్గర శాంతియుతంగా కూర్చుంటాం. ఆ రోజు కూడా క్యాజువాల్టీ డ్యూటీలు ఆపం. డ్యూటీ లేనివాళ్లమే వస్తాం.

ఇట్లు,
బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ విద్యార్థులు, ఇంటర్న్‌లు
హైదరాబాద్